‘తుపాకీ’ అని ఒక్క మాట రాసుకుని మా కొండలకు రాకండి

గూఢచారి సినిమాలు తీసే తెలుగు నిర్మాతలకు, దర్శకులకు, ఫైట్ మాస్టర్లకు,
కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, గజపతి జిల్లాల్లో షూటింగులకు అనుమతులిచ్చే అధికారులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఉంటూ షూటింగులకు ప్రాపర్టీ సామాను, డమ్మీ ఆయుధాలు చూసే తెలుగు పనివాళ్లం మేం. మీ సినిమాల వల్ల ఇక్కడ జీపులకు, లాడ్జీలకు, వంటవాళ్లకు, కూలీలకు నాలుగు రోజులు పని దొరుకుతోంది. అందుకు కృతజ్ఞులం. ఈ లేఖ మీ కథలో గూఢచారి చేతికిచ్చే పిస్టల్ గురించి. ఇదే సంగతి వినతిపత్రంగా రాసి ఇచ్చాం, ప్రొడక్షన్ మేనేజర్లకు నోటితోనూ చెప్పాం. ఎక్కడి నుంచీ జవాబు రాలేదు. అందుకే అందరికీ తెలిసేలా రాస్తున్నాం.

మా ఫిర్యాదు ఒక్కటే. స్క్రిప్టులో ‘హీరో తుపాకీ తీస్తాడు’ అని ఉంటుంది. అది ఏ తుపాకీ, అందులో ఎన్ని రౌండ్లు (తూటాలు) పడతాయి, ఈ షాట్‌లో అది పేలాలా, చేతిలో కనిపిస్తే చాలా అన్నది ఎక్కడా ఉండదు. ఆ నిర్ణయం లొకేషన్‌కు చేరాక, ఎండ దిగిపోతుండగా, అందరూ తొందరలో ఉన్నప్పుడు జరుగుతుంది. పొరపాట్లన్నీ ఆ తొందరలోంచే పుడుతున్నాయి. వాటి బరువు మోసేది హీరో కాదు, దర్శకుడూ కాదు. వ్యాన్ డ్రైవరు, ప్రాపర్టీ కుర్రాడు, రోజు కూలీకి వచ్చిన జూనియర్ ఆర్టిస్టు, కొండ కింద ఊళ్లో ఉన్న మనిషి.

పాత్రకు తగిన పిస్టల్‌ను ఎంచడం చిన్న పని కాదని చెప్పడానికి జేమ్స్‌బాండ్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. తొలి నవలల్లో అతని దగ్గర .25 కాలిబర్ బెరెటా ఉండేది. అది అలాంటి పనికి చాలదని గ్లాస్గోకు చెందిన జెఫ్రీ బూత్‌రాయిడ్ అనే తుపాకుల నిపుణుడు 1956లో ఆ నవలలు రాసిన ఇయాన్ ఫ్లెమింగ్‌కు ఉత్తరం రాశాడు. ఫ్లెమింగ్ ఆ ఉత్తరాన్ని పక్కన పడేయలేదు. 1958లో వచ్చిన నవలలో బెరెటా తీసేసి వాల్తర్ పీపీకే ఇచ్చాడు. పాఠకుడి ఉత్తరంతో మారిన ఆ పిస్టలే తర్వాత అరవై ఏళ్లుగా ఆ పాత్రకు గుర్తుగా నిలిచింది. తెలిసినవాళ్లు చెప్పేది విన్నందువల్ల కథకు నష్టం రాలేదు. మేం అడుగుతున్నదీ అంతే.

ఆ సినిమాల్లోనే ఇంకో సంగతి ఉంది. 1962లో వచ్చిన మొదటి బాండ్ సినిమాలో పీపీకే అని చెప్పి హీరో చేతికిచ్చింది నిజానికి దానికంటే కొంచెం పెద్దదైన వాల్తర్ పీపీ. ఆ మరుసటి ఏడాది సినిమా ప్రచారానికి తీసిన ఫొటోల్లో, పీపీకే సమయానికి అందక, ఫొటోగ్రాఫర్ దగ్గరున్న వాల్తర్ ఎల్‌పీ-53 అనే గాలి పిస్టల్‌ను పట్టుకుని హీరో నిలబడ్డాడు. లోకమంతా చూసిన ఆ పోస్టర్లలో ఉన్నది నిప్పు లేని, మందు లేని గాలి పిస్టల్. పేలే ఆయుధం లేకపోతే సీను పండదనే మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

ఇక అసలు విషయం. పిస్టల్ పేరు ముందే రాస్తే ఏమేమి తేలిపోతాయో చూడండి.

పీపీకే పొడవు 155 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 590 గ్రాములు. 7.65 మి.మీ. రకం, అంటే మన దగ్గర .32 అనేది, మ్యాగజైన్‌లో (పిడిలోకి దూర్చే తూటాల డబ్బాలో) 7 రౌండ్లు పడుతుంది. కోటు లోపల, చొక్కా కింద దాగుతుంది. మన సైన్యం వాడే ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ 9 మి.మీ. ఆటో పిస్టల్ 1ఎ బ్రౌనింగ్ హై-పవర్ నమూనాలో చేసింది. 13 రౌండ్లు పడుతుంది, బరువు కిలోకు దగ్గరగా ఉంటుంది, పల్చటి చొక్కా కింద దాగదు. గ్లాక్-17లో 17 రౌండ్లు. దానికి బయట సుత్తి ఉండదు కాబట్టి బొటనవేలితో వెనక్కి లాగే షాట్ పెట్టకూడదు, ఆ ‘క్లిక్’ శబ్దమూ వేయకూడదు. రివాల్వర్ అయితే మామూలుగా 6. దానికి సైలెన్సర్ తగిలించినా ఉపయోగం లేదు. తూటాలుండే చక్రానికీ గొట్టానికీ మధ్య సందులోంచి గ్యాసు, చప్పుడు బయటికి వచ్చేస్తాయి. ఆ సందు మూసుకునేలా చేసిన 1895 నాటి నాగాంట్ లాంటిది అరుదైన మినహాయింపు. పిస్టల్‌కు సైలెన్సర్ పెట్టినా మన సినిమాల్లో వినిపించే ‘ఫట్’ రాదు. 9 మి.మీ. పిస్టల్ పేలుడు 160 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. మంచి సైలెన్సర్ దాన్ని 130కి అటూ ఇటూ తగ్గిస్తుంది, అంతే.

ఇవన్నీ తుపాకీ పిచ్చివాళ్ల లెక్కలని కొట్టిపారేయకండి. ఇదే లెక్క సెట్‌లో ఎన్ని బ్లాంకులు (గుండు లేకుండా పేలే తూటాలు) ఉండాలో చెబుతుంది. పీపీకే అని రాస్తే షాట్‌కు 7. రెండు కోణాలు, మూడేసి టేకులు అంటే 42. దానికి మించి ఒక్కటి కూడా పెట్టెలోంచి బయటికి రానక్కర్లేదు. ‘తుపాకీ’ అని రాస్తే, 7 పట్టే పిస్టల్‌తో 15 సార్లు పేల్చమంటారు. మధ్యలో ఆపి మళ్లీ నింపమంటారు. నింపే కుర్రాడు ఒక జేబులో డమ్మీ తూటాలు, ఇంకో జేబులో బ్లాంకులు పెట్టుకుని పరిగెడతాడు. ఏ జేబులోది ఎందులోకి వెళ్లిందో సాయంత్రానికి ఎవరికీ తెలియదు.

అధికారులు కూడా చదువుతారు కాబట్టి తూటాల తేడా వివరంగా చెబుతున్నాం. అసలు రౌండ్‌లో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి కేసు, అడుగున ప్రైమర్ (దెబ్బ తగలగానే మందును అంటించేది), లోపల మందు, ముందు గుండు. బ్లాంక్‌లో గుండు ఉండదు. మందు ఉంటుంది, ప్రైమర్ ఉంటుంది, ముందు మూతి నొక్కి మూసి ఉంటుంది. డమ్మీలో గుండు ఉంటుంది, మందు ఉండదు, ప్రైమర్ చచ్చినదై ఉండాలి. మంచి డమ్మీకి కేసు పక్కన రంధ్రం ఉంటుంది, లేదా లోపల చిన్న ఇనుప పూస ఉండి ఊపితే గలగలమంటుంది. రంధ్రమూ లేక, గలగల చప్పుడూ లేకపోతే అది డమ్మీ అని ఎవరు చెప్పినా నమ్మకూడదు.

ఈ తేడా చెరిగిపోతే ఏమవుతుందో ప్రపంచం మూడుసార్లు చూసింది. 1984లో అమెరికాలో ఒక టీవీ నటుడు బ్లాంకు నింపిన .44 మాగ్నమ్ రివాల్వర్‌ను కణతకు ఆనించి నొక్కాడు. గుండు లేకపోయినా ఆ పేలుడు ఒత్తిడికి కపాలం ముక్క లోపలికి దిగి ప్రాణం పోయింది. 1993 మార్చి 31న నటుడు బ్రాండన్ లీ చనిపోయింది ఇంకో రకంగా. అసలు తూటాల గుండ్లు పీకి, మందు పారబోసి, మళ్లీ గుండ్లు బిగించి సెట్‌లోనే డమ్మీలు చేశారు. ప్రైమర్లు మాత్రం బతికే ఉన్నాయి. ఒక ప్రైమర్ పేలి గుండును గొట్టం దాకా తోసి అక్కడ ఇరికించింది. ఎవరూ గొట్టం లోపల చూడలేదు. తర్వాత అదే రివాల్వర్‌లో బ్లాంక్ వేసి పేలిస్తే ఇరుక్కున్న గుండు నిజమైన తూటాలా దూసుకెళ్లింది. 2021 అక్టోబర్ 21న న్యూ మెక్సికోలో ‘కోల్డ్ గన్’ (పేలే తూటా లేని తుపాకీ) అని చెప్పి చేతికిచ్చిన .45 రివాల్వర్‌లో అసలు రౌండే ఉంది. కెమెరా వెనకున్న ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది. ఆయుధాల బాధ్యురాలికి 2024లో 18 నెలల జైలు పడింది. చివరి రెండు చోట్లా పోయిన పని ఒక్క నిమిషంది: గొట్టంలోకి, ఛాంబర్‌లోకి (పేలబోయే తూటా కూర్చునే చోటులోకి) చూడటం.

ఆ ఒక్క నిమిషం పని ఇలా ఉంటుంది. ముందు మ్యాగజైన్ తీయాలి. తర్వాత స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి ఆపాలి. ఈ వరస తప్పకూడదు. మ్యాగజైన్ ఉండగానే స్లైడ్ లాగితే ఛాంబర్‌లో ఉన్న రౌండ్ బయటపడుతుంది, స్లైడ్ వదలగానే మ్యాగజైన్‌లోంచి ఇంకోటి లోపలికి ఎక్కుతుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసి ‘ఖాళీ’ అని చెప్పేవాళ్లు నిజమే చెబుతున్నామనుకుంటారు. స్లైడ్ ఆగాక ఛాంబర్‌ను కంటితో చూసి, చిటికెన వేలితో తడమాలి. ఇత్తడి కడ్డీనో, సన్నటి చెక్క పుల్లనో గొట్టంలో ఒక కొస నుంచి రెండో కొస దాకా పోనివ్వాలి. అది చూపించాలి: పట్టుకునే నటుడికి, ఎదురుగా నిలబడే నటుడికి, అసిస్టెంట్ డైరెక్టరుకి. బ్లాంక్ పేలకపోతే గొట్టాన్ని మనుషులు లేని వైపు ఉంచి కనీసం 30 సెకన్లు అలాగే పట్టుకోవాలి. ఆలస్యంగా పేలేవి ఉంటాయి. విసుగ్గా తిప్పి గొట్టంలోకి తొంగి చూడటం ఎప్పుడూ చేయకూడదు.

పేలే పిస్టళ్లలో సినిమా కోసం చేసిన 8 మి.మీ., 9 మి.మీ. బ్లాంకు పిస్టళ్ల గొట్టంలో అడ్డు ఉంటుంది. గుండు లేకపోతే స్లైడ్‌ను వెనక్కి తోసేంత ఒత్తిడి పుట్టదు కాబట్టి ఆ అడ్డు పెడతారు. షాట్‌లో గొట్టం ముందు భాగం అందంగా కనిపించడం లేదని ఆ అడ్డును డ్రిల్లుతో తీసేయమని అడిగేవాళ్లున్నారు. అది తీస్తే పిస్టల్ పనిచేయదు. అంతకంటే ముఖ్యం, నకిలీని అసలు ఆయుధంగా మార్చడం 1959 ఆయుధ చట్టం 6వ సెక్షన్ కిందకు వస్తుంది. జింకు మిశ్రమంతో పోతపోసిన డమ్మీకి గొట్టం తొలిచి అసలు తూటా వేస్తే అది పట్టుకున్నవాడి చేతిలోనే పగులుతుంది. ఇలాంటి పని ఏ లేతు వర్క్‌షాపులోనూ చేయించవద్దని చేతులు జోడించి అడుగుతున్నాం. దొరికితే కేసు ముందు లేతు నడిపేవాడి మీదికే వస్తుంది.

అసలు బ్లాంకు కావాల్సిన అవసరమే చాలా తక్కువ. గొట్టం మంట రెండు మూడు మిల్లీ సెకన్లు కూడా నిలవదు. 24 ఫ్రేముల వేగంతో, మామూలు షట్టర్‌తో తీస్తే ప్రతి ఫ్రేములో సగం సమయం కెమెరా కన్ను మూసుకునే ఉంటుంది. అంటే పేల్చినవాటిలో దాదాపు సగం మంటలు ఫిల్ములో పడవు. వాటిని ఎలాగూ గ్రాఫిక్స్‌లో కలపాల్సిందే. అలాంటప్పుడు అన్నీ అక్కడే కలపవచ్చు. నటుడి ముఖం మీద వెలుగు కావాలంటే గొట్టం దగ్గర చిన్న ఎల్‌ఈడీ ఫ్లాష్ చాలు. స్లైడ్ కదలాలంటే గ్యాసు పిస్టల్ ఉంది. దూరపు షాట్లకు, పరుగులకు, పడిపోయే డూప్‌కు రబ్బరు పిస్టల్ ఉంది. క్లోజప్‌లకు రెసిన్‌దో లోహందో డమ్మీ ఉంది. రెసిన్ డమ్మీ 200 గ్రాములే ఉంటే నటుడి మణికట్టు ఆ సంగతి చెప్పేస్తుంది, దాన్ని ఆటబొమ్మలా ఊపేస్తాడు. పిడి లోపల ఇనుప ముక్క పోసి, పీపీకే అయితే 600 గ్రాములకు, హై-పవర్ అయితే 900కు తెస్తే చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది. ఇది మేం ఒక పూటలో చేసి ఇవ్వగలిగిన పని. ముందు రోజు చెబితే చాలు.

గ్యాసు పిస్టల్ గురించి ఇక్కడి వాతావరణం తెలిసినవాళ్లుగా ఒక మాట. దేవమాలి కొండ 1,672 మీటర్ల ఎత్తు. సెమిలిగూడ, పొట్టంగి వైపు శీతాకాలం తెల్లవారుజామున చలి ఒక అంకెలోకి దిగుతుంది. ఆ పిస్టళ్లలో ఉండే ప్రొపేన్ గ్యాసు ఒత్తిడి 20 డిగ్రీల్లో ఉన్నదానికంటే 5 డిగ్రీల్లో మూడో వంతు తగ్గుతుంది. స్లైడ్ సగం దాకా వెళ్లి ఆగిపోతుంది. మంచులో షాట్ బాగుంటుందని తెల్లవారి నాలుగింటికి కొండెక్కిన యూనిట్ అప్పుడు ‘ఇది పనికిరాదు, బ్లాంకు తెండి’ అంటుంది. జాబితాలో లేని పేలుడు అలా వస్తుంది. దీనికి మందు సులువు. మూడు మ్యాగజైన్లు పెట్టుకుని, గుడ్డలో చుట్టిన వేడినీళ్ల సీసాతో పాటు థర్మోకోల్ పెట్టెలో ఉంచి, ఒకదాని తర్వాత ఒకటి వాడాలి. ప్రతి పేలుడూ మ్యాగజైన్‌ను చల్లబరుస్తుంది కాబట్టి ఒకే దానితో ఏడు సార్లు పేల్చకూడదు. నెగడు పక్కన, పొయ్యి మీద మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు, పగులుతుంది.

ఇప్పుడు, ఇవి పాటించకపోతే ఇక్కడి మనుషులకు ఏం జరుగుతుందో.

1. వ్యాన్ డ్రైవరు. సామాను విజయనగరం వైపు నుంచి సాలూరు, సుంకి ఘాట్ మీదుగా 26వ జాతీయ రహదారిలో వస్తుంది. సాలూరు ఆంధ్ర, సుంకి ఒడిశా. అటు పోలీసులకు ఇచ్చిన కాగితం ఇటు పోలీసులకు తెలియదు. పెట్టెలో గ్లాక్‌లా కనిపించేవి ఆరు దొరికితే, 9 మి.మీ. మన దేశంలో పౌరులకు నిషేధించిన బోరు (గొట్టం లోపలి వెడల్పు) అని తెలిసిన ఏ అధికారి అయినా బండి ఆపాల్సిందే. ఆపడం ఆయన ధర్మం. ఆ రాత్రంతా స్టేషన్‌లో కూర్చునేది డ్రైవరు. ప్రొడక్షన్ వాళ్ల ఫోను ఆ సమయానికి ఎత్తేవాళ్లుండరు.

2. కొండ మీద డమ్మీ పట్టుకున్న జూనియర్ ఆర్టిస్టు. ఈ జిల్లాల చరిత్ర మీకు తెలియకపోతే తెలుసుకోండి. 2004 ఫిబ్రవరి 6న కోరాపుట్‌లో మావోయిస్టులు జిల్లా ఆయుధాగారాన్నే దోచుకున్నారు. 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో గ్రేహౌండ్స్ పోలీసుల పడవపై దాడి జరిగి 38 మంది చనిపోయారు. 2010 నుంచి ఇక్కడ సరిహద్దు భద్రతా దళం శిబిరాలు వెలిశాయి. ఉద్యమం తగ్గిందంటున్నారు, మంచిదే. కానీ నల్ల చొక్కా వేసుకుని చేతిలో పిస్టల్‌తో గట్టు మీద నడిచే కుర్రాడిని రెండు వందల మీటర్ల దూరం నుంచి చూసే జవానుకు అది రబ్బరుదని తెలిసే దారి లేదు. ఆ కుర్రాడు మీరు రోజు కూలీకి పిలిచిన జయపురం పిల్లవాడు. టీ తాగడానికి రోడ్డు మీదికి వెళ్లేటప్పుడు కూడా పిస్టల్ నడుముకే ఉంటుంది, ఎందుకంటే దాన్ని తిరిగి తీసుకునేవాళ్లను మీరు నియమించలేదు.

3. చెవులు. 140 డెసిబెల్స్ దాటిన పేలుడు ఒక్కటైనా వినికిడిని దెబ్బతీయగలదు. హీరోకు చెవిలో దూది ఉంటుంది. వెనక రిఫ్లెక్టరు పట్టుకున్న మనిషికి ఉండదు. గదిలో, గుహలో, కారులో తీసేటప్పుడు ఇది ఇంకా ఎక్కువ. చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గుల జత టీ ఖర్చంత కూడా కాదు.

4. కళ్లు, ముఖం. బ్లాంకు గొట్టంలోంచి వేడి గ్యాసు, కాలని మందు రేణువులు వస్తాయి. ముందుకు వదిలే రకమైతే ఎదుటివాడికి, పైకి వదిలే రకమైతే పట్టుకున్నవాడికే తగులుతాయి. కణతకు, ఛాతీకి ఆనించే షాట్ ఏ బ్లాంకుతోనూ తీయకూడదు. మిగతా షాట్లకు గొట్టం మనిషి మీదికి కాక కొంచెం పక్కకు ఉండాలి, మధ్య కనీసం 6 మీటర్లు ఉండాలి. కెమెరా కోణం ఆ పక్కదారిని దాచేస్తుంది, అది మీ ఛాయాగ్రాహకులకు బాగా తెలుసు.

5. సంత. బుధవారం చటికొనకు డొంగ్రియా కొంధు గిరిజనులు దిగుతారు. గురువారం ఒనుకుడెల్లికి బొండా గిరిజనులు వస్తారు. శుక్రవారం కుందులి సంతకు చుట్టుపక్కల ఊళ్ల కూరగాయలు వస్తాయి. ఆ దారుల్లో, ఆ రోజుల్లో పేలుళ్లు వినిపిస్తే అడవి దారిన బుట్టలతో బయల్దేరిన ఆడవాళ్లు వెనక్కి తిరిగిపోతారు. వారం రోజుల ఉప్పు, నూనె ఆ ఒక్క సంతలోనే కొనాలి. తుపాకీ చప్పుడుకు ఈ ఊళ్లలో ఉన్న అర్థం వేరు.

6. వెళ్లిపోయాక మిగిలేది. షూటింగ్ అయిపోయాక పోయిన డమ్మీలను ఎవరూ లెక్కపెట్టరు. అవి ఊరి కుర్రాళ్ల చేతుల్లోకి వెళ్లి రీల్స్‌లో కనిపిస్తాయి. ఆ వీడియో చూసి పోలీసులు ఇంటికి వస్తారు. పిస్టల్ ఎక్కడిదని అడిగితే ‘సినిమావాళ్లు పడేశారు’ అని చెప్పిన పిల్లవాడికి సాక్ష్యం లేదు.

7. బాధ్యత ఎవరిదన్నది. నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. ఆయుధాల బాధ్యుడని మీ కాగితాల్లో ఎవరి పేరూ లేనప్పుడు, కేసు చివరగా తుపాకీ అందించిన చేతి మీదికి వస్తుంది. ఆ చేయి రోజువారీ కూలికి వచ్చినది.

మా డిమాండ్లు ఇవి. కొన్ని నిర్మాతలకు, కొన్ని అధికారులకు. ఏదీ ఖర్చుతో కూడినది కాదు.

ఒకటి. స్క్రిప్టుతో పాటు ఒక పేజీ ఆయుధాల జాబితా ఉండాలి. సీను నంబరు, పాత్ర, పిస్టల్ మోడల్, రబ్బరా, రెసినా, గ్యాసా, బ్లాంకా, షాట్‌కు ఎన్ని పేలుళ్లు, మొత్తం ఎన్ని. దర్శకుడు, ఫైట్ మాస్టర్ దాని మీద సంతకం చేయాలి. జాబితాలో లేని పేలుడు ఆ రోజు జరగకూడదు. దర్శకుడు ఎంత పెద్దవారైనా సరే.

రెండు. అనుమతి ఇచ్చే అధికారులు ఈ పేజీ లేకుండా పిస్టల్ ఉన్న సీనుకు అనుమతి ఇవ్వకండి. దాని ప్రతులు సంబంధిత స్టేషన్‌కు, దగ్గరలోని భద్రతా దళాల శిబిరానికి, సరిహద్దు చెక్‌పోస్టుకు రెండు వైపులా ముందుగానే చేరాలి. ఆంధ్ర వైపు కాగితం తెలుగులో ఉంటే ఒడిశా వైపుది ఒడియాలో ఉండాలి. గ్యాసు పిస్టళ్ల విషయంలో ఒక స్పష్టత ఇవ్వండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం .177 అంగుళాల (4.5 మి.మీ.) బోరు దాటిన గాలి తుపాకులు లైసెన్సు పరిధిలోకి వస్తాయి. 6 మి.మీ. పూసలు వేసే పిస్టల్ బోరు దానికంటే పెద్దది. ఆటబొమ్మ అని చెప్పి తెచ్చేవాళ్లను, నిజాయితీగా అడిగి తెచ్చేవాళ్లను ఒకేలా చూడకండి. ముందే రాతపూర్వకంగా చెప్పండి.

మూడు. ఆయుధాల బాధ్యుడంటూ ఒక్క మనిషి ఉండాలి, ఆ రోజు ఆయనకు వేరే పని ఉండకూడదు. పెట్టెకు తాళం, తాళం ఆయన దగ్గర. ‘కట్’ అనగానే పిస్టల్ నటుడి చేతిలోంచి ఆయన చేతికి రావాలి. టీకి, భోజనానికి, ఫోటోకు ఎవరి నడుముకూ పిస్టల్ ఉండకూడదు. ‘ఇది సురక్షితం కాదు’ అని ఆయన అంటే షాట్ ఆగాలి. అలా ఆపినందుకు ఆయన కూలి కోయకూడదు.

నాలుగు. క్లోజప్ బాగుంటుందని ఎవరో పెద్దమనిషి లైసెన్సు ఉన్న .32 పిస్టల్‌ను సెట్‌కు తేవడం పూర్తిగా ఆగాలి. లైసెన్సుదారు తన ఆయుధాన్ని ఇంకొకరి చేతికి నటించడానికి ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. అసలు రౌండ్ ఒక్కటి కూడా లొకేషన్‌లోకి, కారులోకి, లాడ్జి గదిలోకి రాకూడదు. న్యూ మెక్సికోలో జరిగింది దీని వల్లే.

ఐదు. బ్లాంకులు లెక్కపెట్టి ఇవ్వాలి, లెక్కపెట్టి తీసుకోవాలి. 42 ఇస్తే పేలిన కేసులు, పేలనివి, మిగిలినవి కలిపి 42 రావాలి. ఒకటి తగ్గినా అది దొరికేదాకా ఎవరూ బండెక్కకూడదు. డమ్మీలకూ అదే లెక్క. పాడైన రెసిన్ డమ్మీని అక్కడ పారేయకుండా అందరి ముందూ విరగ్గొట్టి, ముక్కలు తిరిగి తీసుకెళ్లాలి.

ఆరు. పేలుడు ఉన్న షూటింగుకు ముందు రోజు చుట్టుపక్కల ఊళ్లలో దండోరా వేయించాలి. ఒడియాలో, తెలుగులో, కోరాపుట్ వైపు దేశియాలో, రాయగడ వైపు కువిలో. పొద్దున ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ఆగుతుందో చెప్పాలి, ఆ సమయం దాటకూడదు. ఆ ప్రాంతపు సంత రోజున పేలుడు పెట్టకూడదు. దీనికి అధికారులు ఒక క్యాలెండరు ఇస్తే యూనిట్లు దాని చుట్టూ షెడ్యూలు వేసుకుంటాయి.

ఏడు. సెట్‌లో ఉన్న ప్రతి మనిషికీ చెవి ప్లగ్గులు, ఎదురు నిలబడేవాళ్లకు కళ్లజోడు లేదా అడ్డు పలక. జూనియర్ ఆర్టిస్టులతో సహా. గాయపడితే దగ్గరలో ఏ ఆసుపత్రికి, ఏ బండిలో, ఎవరు తీసుకెళ్తారన్నది ఆయుధాల జాబితా కిందనే రాసి ఉండాలి. దేవమాలి మీద నుంచి కోరాపుట్ దాకా దిగడానికి ఎంత సమయం పడుతుందో యూనిట్ ముందురోజే నడిపి చూసుకోవాలి.

వర్షాలు వెనక్కి తగ్గగానే షూటింగులు మళ్లీ మొదలవుతాయి. ఆ లోపు నిర్మాతలు మొదటి, మూడో డిమాండ్లకు, అధికారులు రెండో డిమాండుకు రాతపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాం. జవాబు రాని యూనిట్‌కు బ్లాంకు పిస్టల్ పని మేం ఒప్పుకోం. రబ్బరు, రెసిన్, గ్యాసు పని మాత్రం ఎప్పటిలాగే చేస్తాం, ఎందుకంటే మాకూ ఇదే జీవనం. ఆ ఒక పేజీ జాబితా నమూనా తెలుగులో, ఒడియాలో మా దగ్గర సిద్ధంగా ఉంది. ఏ యూనిట్ అడిగినా, ఏ స్టేషన్ అడిగినా డబ్బు తీసుకోకుండా ఇస్తాం.

ఇట్లు,
ఒడిశా సరిహద్దు జిల్లాల్లో సినిమా ప్రాపర్టీ, డమ్మీ ఆయుధాల పని చేసే తెలుగు కార్మికులం